జనం సెట్టింగు

“పాలకూర తెచ్చానండీ.”

స్కూటర్‌కి స్టాండు వేసి, హెల్మెట్ కూడా తీయకుండా ఆ మనిషి అన్న మొదటి మాట అది. ‘మ్యోంగా వాళ్లమ్మ కూరలు’ అని బోర్డున్న ఆ చిన్న కొట్లో ముల్లంగి తరుగుతున్న బున్‌జా, అంటే మ్యోంగా వాళ్లమ్మే, చెయ్యి ఆపకుండా తలెత్తి చూసింది.

“మాకు పొద్దున్నే లారీలో వస్తాయి బాబూ. నీకెవరు చెప్పారు?”

“ఇక్కడికే తెమ్మన్నారు పిన్నిగారూ. రెండు.”

“రెండు కట్టల కోసం స్కూటరేసుకుని వచ్చావా? సర్లే, వచ్చావు కదా. ఎంతేమిటి?”

“ఒక్కోటి పదిహేను వేల వోన్లండీ.”

కత్తి ఆగింది. వానలకి దేగు చుట్టుపక్కల తోటలు కుళ్లి, ఆకుకూరల ధరలు మండిపోతున్న మాట నిజమే. బున్‌జా కూడా ఆ వారం పాలకూర వండటం మానేసింది. అయినా దేనికైనా ఒక హద్దుంటుంది కదా.

“పదిహేను వేలా! పట్టపగలు నడిబజార్లో దోచుకోడానికి వచ్చావా?”

“బయటికంటే తక్కువే చెప్పాను పిన్నిగారూ. పైగా ఇవి వాడినవి కాబట్టి...”

“వాడినవా?” బున్‌జా గొంతు విని, ఎదురు కొట్లో చేపలమ్మే ఆవిడ గొట్టం నీళ్లు కట్టేసి మరీ ఇటు తిరిగింది. “వాడిన పాలకూర అమ్ముతున్నావా? ఎవరి కంచంలోంచి ఎత్తుకొచ్చావయ్యా!”

మేడమెట్ల మీద చెప్పుల చప్పుడు. మ్యోంగా పరుగెత్తుకుంటూ దిగింది. ఆ మనిషి హెల్మెట్ తీసి, చెమట తుడుచుకుని, జేబులోంచి ఒక వెండిరంగు సంచి బయటికి లాగాడు. అందులో వేలెడంత పొడుగున్న పచ్చటి పలకలు రెండు.

“ఇదే అమ్మా. కంప్యూటర్ ర్యాము” అంది మ్యోంగా, సిగ్గుతో చెవులు ఎర్రబడుతుంటే. “పైన రేకు తొడుగు లేకుండా పచ్చగా ఉంటాయని అందరూ పాలకూర అంటారు.”

“తినేదాని పేరు పెట్టుకోకపోతే వీళ్లకి పొద్దుపోదా?” అని విసుక్కుంది కానీ, బున్‌జాకి తన మాట తనకే నవ్వు తెప్పించింది. డబ్బాలోంచి కారం పట్టించిన కీరా ముక్క ఒకటి తీసి ఆ మనిషి నోటికి అందించింది. కాదనడానికి వీల్లేని దగ్గరికి తెచ్చింది కాబట్టి ఆయన నోరు తెరిచాడు.

ఆయన పేరు ప్యోన్ దోగిల్. మార్కెట్ వెనక వీధిలో కంప్యూటర్ ఆటల హాలు నడిపేవాడు. పోయిన నెల మూసేసి, మిషన్లు విప్పి ముక్కలు ముక్కలుగా అమ్ముకుంటున్నాడు. కీరా నములుతూనే నిజం చెప్పేశాడు. “ముందే చెప్తున్నానమ్మా, తర్వాత తిట్టుకోవద్దు. మంచివన్నీ అమ్ముడుపోయాయి. ఇవి తాలు. జనం సెట్టింగు పట్టవు. అందుకే ఈ ధరకి ఇస్తున్నా.”

“పర్లేదండీ” అంది మ్యోంగా. ఏం పర్లేదో ఆమెకీ తెలియదు. ఆమె దగ్గరున్న డబ్బుకి దొరికేవి అవే.

కొట్టు మీది గదిలో కంప్యూటర్ పెట్టె మూత తీసి నేల మీద పక్కకి పడుకోబెట్టుకు కూర్చుంది. చవకలో కట్టించుకున్న మిషను. బొమ్మల పనికి విడిగా కార్డు కొనే స్తోమత లేక, లెక్కలు చేసే చిప్పే బొమ్మలు కూడా చూసుకునేలా తీసుకుంది. దానికి సొంత మెమరీ ఉండదు, ర్యాములోంచి తెచ్చుకోవాల్సిందే. కాబట్టి ర్యాము ఎంత చురుగ్గా ఉంటే తెర మీద బొమ్మ అంత సాఫీగా కదులుతుంది. ఇన్నాళ్లూ ఒంటి ర్యాముతో ఈడ్చుకొచ్చింది. ఆమె గీసిన నీటికుక్క గొడుగు పట్టుకుని వానలో నడిచే చోటు వచ్చేసరికి, నడక పోయి గెంతులయ్యేవి.

ఆ నీటికుక్క మీదే ఇప్పుడు ఆమె బతుకంతా ఉంది. సియోల్‌లో పిల్లల బొమ్మల చిత్రాలు తీసే సంస్థ ఒకటి ఇంటి దగ్గరే ఉండి పనిచేసేవాళ్లని తీసుకుంటోంది. నలభై సెకన్ల చిత్రం శుక్రవారం పొద్దుటికల్లా పంపాలి. అదే రోజు రెండు గంటలకి వీడియోలో కూర్చుని, వాళ్లు చెప్పిన మార్పు వాళ్ల కళ్లెదుటే చేసి చూపించాలి. రెండేళ్లుగా మ్యోంగా కింద కూరల డబ్బాలకి మూతలు పెడుతోంది. వాళ్లమ్మ ఒక్క మాటా అనదు. అనకపోవడమే ఆమెకి ఎక్కువ గుచ్చుకునేది. ఈ ఉద్యోగం కూడా రాకపోతే ఇక బొమ్మల ఊసెత్తకూడదని, మూతలే తన పని అనుకోవాలని గట్టిగా నిర్ణయించేసుకుంది.

పాత ర్యాముకి రెండువైపులా ఉన్న పిడులు నొక్కి బయటికి తీసింది. కొత్తవాటి గాడి చూసుకుని, ఒకటి వదిలి ఒకటి గాట్లలో పెట్టి, రెండు బొటనవేళ్లతో టిక్కుమనేదాకా అదిమింది. మిషను లేచింది. జంటగా ఉన్నందుకే నీటికుక్క నడక సగం బాగుపడింది. అయినా వాన మొదలయ్యేసరికి ఇంకా తడబడుతోంది.

ఇక మిగిలింది సెట్టింగులు. కంపెనీ కట్టిన వేగం రెండువేల ఆరువందల అరవైయారు. దాన్ని మూడువేల రెండువందలకి ఎక్కించి, పని పనికీ మధ్య ర్యాము ఎంతసేపు ఆగాలో చెప్పే ఆగుడు లెక్కలు నాలుగు ఇవి, వోల్టేజీ ఇంత పెట్టాలని కంప్యూటర్ రాయుళ్ల సైటులో అందరూ ఒకటే మాట చెప్తారు. దాన్నే జనం సెట్టింగు అంటారు. ఎవరి మిషనైనా, ఎంత చవకదైనా, కళ్లు మూసుకుని పెట్టుకోవచ్చని దాని అర్థం. కింద వరసగా వందల జవాబులు: ‘నాకు పట్టింది’, ‘ఒక్క దెబ్బకి’, ‘పట్టనివాళ్లు కూడా ఉంటారా?’

మ్యోంగా ఆ అంకెలన్నీ ఒక్కొక్కటే నింపి, భద్రపరిచి, మీట నొక్కింది. తెర నల్లగా ఉండిపోయింది. ఫ్యాను తిరుగుతోంది, లోపల ఎవరూ పలకడం లేదు. పెట్టిన అంకెలు చెరిగిపోయేలా బిళ్ల బ్యాటరీ ఊడబీకి, కాసేపాగి మళ్లీ పెడితే ప్రాణం వచ్చింది. మళ్లీ అంకెలు, మళ్లీ నలుపు, మళ్లీ బ్యాటరీ. గోరు విరిగింది. ప్యోన్ గారు ముందే చెప్పినా, నాకు మాత్రం పట్టకపోతుందా అన్న ఆశ ఎక్కడో ఉంది కదా, అది కూడా విరిగింది.

సైటులో అడిగింది. ‘ఉక్కుచెయ్యి’ అనే పేరుతో తిరిగే ఆసామి క్షణంలో బదులిచ్చాడు: ‘జనం సెట్టింగు కూడా పట్టలేదంటే తాలు ర్యాము కాదు తమ్ముడూ, నువ్వే.’ దాని కింద నవ్వుబొమ్మలు బారులు తీరాయి.

మ్యోంగా ఫోను పరుపు మీద బోర్లా పడేసింది. ముక్కూముఖం తెలియనివాడు అన్న మాటకి ఏడుపేమిటని తనని తానే కోప్పడింది. ఏడుపు మాత్రం వచ్చింది.

మర్నాడు, బుధవారం పొద్దున్నే వోల్టేజీ ఇంకాస్త పెంచి చూసింది. మూడువేల రెండువందల దగ్గర మిషను లేచింది! పరీక్ష ప్రోగ్రాం ఒకసారి తిప్పింది, తప్పులేవీ రాలేదు. కిటికీలోంచి వంగి “అమ్మా, పట్టింది!” అని అరిచింది. ఏం పట్టిందో తెలియకపోయినా కింద నుంచి బున్‌జా గరిటె ఊపింది.

వాన ఘట్టం కూర్చుకుంటూ, మధ్యాహ్నానికి గొడుగు మీద పడే చినుకుల దాకా వచ్చింది. కింద బున్‌జా సోయా సాసులో మాంసం ఒక పొయ్యి మీద, తామరదుంపలు ఒక పొయ్యి మీద పెట్టి, రేపటికని ఎముకల పులుసు పెద్ద గుండిగలో ఎక్కించింది. వేడంతా మెట్లెక్కి మీది గదిలోకే వస్తుంది, వేరే దారి లేదు. బయట చూస్తే పేరుమోసిన దేగు ఎండ. నీటికుక్క ముఖం మీద ఉన్నట్టుండి ఊదారంగు చార ఒకటి సాగింది. తర్వాత తెర బిగుసుకుపోయింది. మిషను ఆపి లేపాక వాన ఘట్టం ఉన్న ఫైలు తెరుచుకోనంది.

పరీక్ష మళ్లీ తిప్పితే తప్పుల మీద తప్పులు ఎర్రగా పుట్టుకొచ్చాయి. కూరల సంచులకి కట్టే తీగలతో ఒక చిన్న ఫ్యానుని ర్యాముల మీదికి కట్టి చూసింది. ఆ గదిలో గాలే వేడైతే ఫ్యాను మాత్రం ఏం చేస్తుంది?

“తిరిగిచ్చెయ్” అంది బున్‌జా భోజనం గిన్నె తెచ్చి. “వాడిన పాలకూర ఎప్పటికైనా వాడిందే.”

“తాలని చెప్పే ఇచ్చాడమ్మా ఆయన. ఏమని తిరిగివ్వను?”

అయినా వెళ్లింది, తిరిగివ్వడానికి కాదు, అడగడానికి. ప్యోన్ గారు ఖాళీ హాలు ముందు స్టూలెక్కి, అద్దానికి అంటించిన పెద్ద పెద్ద అక్షరాలు రేకుతో గీకుతున్నాడు. ‘మా హాల్లో అన్ని మిషన్లూ జనం సెట్టింగు!’ అని ఉండేదట. చివరి నుంచి గీక్కుంటూ వచ్చి ‘అన్ని మిషన్లూ’ దగ్గర ఆగాడు.

“ఏమ్మా, తిట్టడానికి వచ్చావా?”

“కాదండీ. నిజంగా అన్నిటికీ పట్టిందా ఇక్కడ?”

ఆయన రేకుకి అంటుకున్న జిగురు వేలితో తీసి ఉండ చేశాడు.

“సగానికి పట్టిందేమో. మిగతావి ఒక మెట్టు దించి నడిపాను. ఇన్నేళ్లలో కనిపెట్టినవాడు లేడు.”

“మరి అన్నీ అని ఎందుకు రాశారు?”

“ఎదుటి హాలువాడు రాశాడు కదమ్మా!”

“వాళ్లవి?”

“వాడివీ అంతే. ఇద్దరం హాళ్లు మూసేశాక ఒకరోజు సోజు తాగుతూ చెప్పుకున్నాం. అప్పటిదాకా వాడికి నన్ను చూసి కడుపుమంట, నాకు వాణ్ణి చూసి.” నవ్వబోయి ఆగాడు. “సైటులో కూడా రాసేవాణ్ణి, నాకు ఒక్క దెబ్బకి పట్టింది అని. పట్టనివాడు ఎందుకు రాస్తాడు చెప్పు? రాస్తే తాలంటారు.”

మ్యోంగా మార్కెట్లోంచి ఇంటికి నడుస్తూ ఆ మాటనే తిప్పి తిప్పి చూసుకుంది. అందరికీ పట్టేదైతే జనం సెట్టింగు అనాలి. ఇదేమో పట్టినవాళ్లు మాత్రమే నోరు విప్పే సెట్టింగు. మిగతావాళ్లంతా గదుల్లో కూర్చుని బ్యాటరీ పీకి, పెట్టి, తప్పు తమదే అనుకుంటున్నారు. రెండు రోజులుగా తను చేసింది కూడా అదే. ఆమెకి ఒళ్లు మండింది. ఆ మంటతో పాటు మనసు కొంచెం తేలికపడింది కూడా.

ఇంటికెళ్లి మూడువేల రెండువందలు చెరిపేసింది. మూడువేలు పెట్టింది. వేగం తగ్గింది కాబట్టి ఆగుడు లెక్కలు కొద్దిగా బిగించింది. పెంచిన వోల్టేజీ దించింది, వేడి తగ్గాలని. ఈసారి ఎవరి అంకెలూ చూసి ఎక్కించలేదు. ఒక్కోటీ మార్చడం, పరీక్ష తిప్పడం, తప్పొస్తే ఒక మెట్టు వెనక్కి రావడం, అంతే. ఉప్పు చూసుకుంటూ కూర వండినట్టు చేసుకుపోయింది.

గురువారం పొద్దున ఒక్క తప్పూ లేదు. కానీ నిన్న పొద్దున్నని నమ్మి మోసపోయింది కదా. మెట్లు దిగి వంటగదిలోకొచ్చింది.

“అమ్మా, అన్ని పొయ్యిలూ వెలిగించు.”

“ఇప్పుడా? దేనికి?”

“ఊరికే. పెద్ద గుండిగ కూడా ఎక్కించు. తలుపులు మూసెయ్.”

“పిచ్చి పట్టిందా పిల్లా? చచ్చిపోతాం ఈ ఉక్కకి!”

“రేపు రెండు గంటలకి ఎలా ఉంటుందో ఇవాళే చూడాలి. నీ గుండిగలకి తట్టుకుంటే ఇంకెక్కడైనా తట్టుకుంటుంది.”

బున్‌జా కూతురి ముఖం కేసి చూసింది. టవలు మెడకి చుట్టుకుని, వరసగా పొయ్యిలు వెలిగించింది. నల్ల సోయాగింజలు సాసులో పోసింది, తామరదుంపలు చక్రాలు కోసి వేసింది, ఎముకల మీద నురగ గరిటెతో తీసి పారబోసింది. వచ్చినవాళ్లు కొట్టు గుమ్మంలోంచే “అమ్మో!” అని వెనక్కి తగ్గి, డబ్బాలు చేతులు చాచి పట్టుకున్నారు. చేపలావిడ వచ్చి “ఏమిటే, పెళ్లా మీ ఇంట్లో?” అంటే, “కంప్యూటర్‌కి పరీక్ష” అంది బున్‌జా, అంత మామూలు సంగతి ఇంకోటి లేనట్టు.

మీద మ్యోంగా చొక్కా వీపుకి అంటుకుపోయింది. పరీక్ష ప్రోగ్రాంలో తప్పుల గడి దగ్గర సున్నా. చెమట చుక్క కీబోర్డు మీద పడింది, సున్నానే. కింద మూతలు లేపితే ఆవిరి మెట్ల మీదికి వచ్చింది, సున్నా. చివరి మెట్టు కూడా పూర్తయి, పచ్చటి గీత వచ్చింది.

“అయిందా?” కింద నుంచి కేక.

“అయిందమ్మా!”

“బాగా ఉడికిందా?”

“బాగా!”

ఆ సాయంత్రం వాన ఘట్టం మళ్లీ కూర్చి చిత్రం పూర్తి చేసింది. నీటికుక్క గెంతకుండా, తొణక్కుండా వానలో నడిచి వెళ్లింది. పంపేశాక సైటు తెరిచి, ‘జనం సెట్టింగు పట్టనివాళ్లకు’ అని శీర్షిక పెట్టి తన అంకెలన్నీ రాసింది. వేగం తక్కువేనని దాచకుండా చెప్పింది. చివర, ‘మా అమ్మ కూరల కొట్లో అన్ని పొయ్యిలూ వెలిగించి పరీక్షించాను’ అని చేర్చింది. నొక్కేముందు వేలు ఆగింది. అంటే అననీ అనుకుని నొక్కింది.

శుక్రవారం రెండు గంటలకి తెర మీద కనిపించిన పెద్దావిడ పేరు జిన్ రాక్‌హీ. నెరిసిన జుట్టు, బిగించిన పెదాలు. నమస్కారాలయ్యాక సూటిగా విషయానికి వచ్చింది.

“గొడుగు ఎరుపు చేయండి. గాలి ఎడమ నుంచి రావాలి.”

మ్యోంగా చినుకుల దిక్కు మార్చింది. గొడుగు వంచింది, నీటికుక్క తోక గాలికి తిప్పింది. కింద గుండిగలు కుతకుతలాడుతున్నాయి. తిప్పి చూపించింది. ఎర్రటి గొడుగు వానలో సాఫీగా వెళ్లింది. ఊదా చార రాలేదు, తెర బిగుసుకోలేదు.

“వెనక ఆ చప్పుడేమిటి?”

“మా అమ్మ ఎముకల పులుసు కాస్తోంది మేడమ్.”

ఆవిడ పెదాల బిగువు కొంచెం సడలింది. “చివరి ప్రశ్న. మా దగ్గర అందరూ వారానికి ఐదు షాట్లు ఇస్తారు. మీకు కుదురుతుందా?”

కుదురుతుందని నాలిక చివరి దాకా వచ్చింది. అందరూ ఇస్తారన్న మాటే మ్యోంగాకి అడ్డుపడింది. రేకుతో అద్దం గీకుతున్న ప్యోన్ గారు కళ్లముందు కదిలాడు.

“మూడు” అంది. “తప్పుల్లేకుండా అయితే మూడు మేడమ్. ఐదు అంటే రెండు చెడగొట్టి ఇస్తాను.”

ఆవిడ చూపు ముందున్న కాయితం మీదికి దించింది. పోయింది, అనుకుంది మ్యోంగా. నోరు మూసుకుని ఊఁ అనుంటే పోయేది కదా అని తనని తిట్టుకోవడం కూడా మొదలుపెట్టింది.

“ఐదు ఒప్పుకున్నవాళ్ల షాట్లు సరిచేయడానికి నేను ఆదివారాలు కూడా కూర్చుంటున్నాను” అంది జిన్ రాక్‌హీ, అలసిన గొంతుతో. “మూడే రాసుకుంటున్నాను. జీతం కూడా దానికి తగ్గట్టే ఉంటుంది, తెలుసుగా? సోమవారం మొదలుపెట్టండి. ఆ పులుసు వాసన ఇక్కడిదాకా వస్తున్నట్టుంది.”

తెర మూశాక మ్యోంగా కిందికి పరుగెత్తి, వేళ్లతో మూడు చూపించింది. బున్‌జాకి ఆ మూడేమిటో అర్థం కాకపోయినా కూతురి ముఖం అర్థమైంది. గరిటె గుండిగలో వదిలేసి, తడిచేతులతోనే కూతురి బుగ్గలు పట్టుకుంది. ఇద్దరికీ కళ్లనీళ్లు వచ్చాయి. పైకి మాత్రం నెపం పక్కన తరిగి ఉన్న ఉల్లికాడల మీదికి నెట్టేశారు.

ఫోను మోగుతూనే ఉంది. చూస్తే సైటు నుంచి. ఆమె రాసినదాని కింద జవాబులు దొర్లుకుంటూ వస్తున్నాయి: ‘నాదీ పట్టలేదు, చెప్పడానికి సిగ్గేసింది.’ ‘నాకే అనుకున్నాను.’ ‘నాకూ నాకే అనుకున్నాను.’ ‘మీ అంకెలు పెట్టాను, నిలబడింది.’ వాటి మధ్యలో ఉక్కుచెయ్యి: ‘రెండేళ్లుగా నాది కూడా పట్టలేదు. ఇది పెట్టాక ఒక్క తప్పూ రాలేదు. మొన్న అన్న మాటకి క్షమించు తమ్ముడూ.’

మ్యోంగా పైకి చదివింది. బున్‌జా డబ్బాలకి మూతలు పెడుతూ వింటోంది.

“దీనికి పేరేమిటని ఒకతను అడిగాడు. ఇంకొకతను ‘వాళ్లమ్మ సెట్టింగు’ అన్నాడు. ఇప్పుడు అందరూ అదే అంటున్నారమ్మా.”

“నన్నెందుకే మధ్యలోకి లాగారు?” అని కసిరింది బున్‌జా. తర్వాత రెండు మూతలు పెట్టాక, “కొట్టు ఎక్కడో రాశావా?” అని అడిగింది.

స్కూటర్ ఆగింది. ప్యోన్ గారు ఈసారి హెల్మెట్ చేతిలో పట్టుకుని మరీ వచ్చాడు. “ఏం రాశావమ్మా నువ్వు! పొద్దున్నుంచి ఒకటే ఫోన్లు. తాలు మిగిలాయా, తాలు ఇస్తారా అని. పెట్టె మీద తాలు అని రాసిన కాయితం పీకేశాను.” అల్మారాలో పచ్చగా నిగనిగలాడుతున్న కొత్త డబ్బాలు చూశాడు. “పాలకూర వచ్చిందే! ఎంత పిన్నిగారూ?”

“పదిహేను వేలు.”

“పదిహేను వేలా!”

“వాడినది కాదు మరి” అంది బున్‌జా. అంటూనే ఒక డబ్బా సంచిలో వేసి, డబ్బు తీయబోతున్న ఆయన చేతిని నెట్టేసి, సంచి ఆయన స్కూటర్ కొక్కేనికి తగిలించి వచ్చింది.

ఆయన వెళ్లాక కొట్లో మిగిలింది గుండిగ ఉడికే చప్పుడే. మ్యోంగా చిత్రాన్ని మరోసారి చూసుకోవాలని మెట్లెక్కుతోంది. సగం మెట్ల దగ్గర ఉండగా వాళ్లమ్మ పిలిచింది.

“మిషను మీద పని ఉందా? పెద్ద పొయ్యి తగ్గించనా?”

మ్యోంగా రెయిలింగ్ పట్టుకుని కిందికి వంగి చూసింది. ఆవిరిలో వాళ్లమ్మ చెయ్యి పొయ్యి మీట మీద ఉంది, జవాబు కోసం ఆగింది.

“వద్దమ్మా, ఉండనీ. తట్టుకుంటుంది.”